చేతులు వదిలితే నడిచే బండి

మేడమీది గది నుంచి,
వానలు మొదలైన వారం.

పిట్టా,

కంప్యూటర్లో విమానం నడిపే ఆట కోసం నువ్వు పంపిన స్టీరింగు పెట్టె భద్రంగా చేరింది. చిన్నప్పుడు పిట్టగోడ ఎక్కి దిగనని మొరాయిస్తే నేను పెట్టిన ముద్దుపేరు, చివరికి నీ ఉద్యోగానికే సరిపోయింది. మా అన్నయ్య కూతురు విమానాలు నడపడం నేర్పే టీచరమ్మ అయిందని ఇప్పటికీ వీధిలో ఎవరో ఒకరికి చెప్పందే నాకు రోజు గడవదు.

ఈ కాలంలో ఉత్తరాలేమిటని నీ స్నేహితులు నవ్వుతున్నారన్నావు. నవ్వనీ. ముప్పై ఏళ్ళు ఇంజను పక్కన కూర్చుని సిటీ బస్సు నడిపిన చెవులివి. ఫోన్లో నీ మాట సగమే వినిపిస్తుంది. మిగతా సగం మీ మామయ్య పూరిస్తాడు. అది నువ్వన్నదో ఆయన కల్పించిందో దేవుడికే తెలియాలి. ఈసారి ఉత్తరం కంప్యూటర్లో ఒక్క వేలితో కొట్టి ప్రింటు తీశాను. కాలంతో పాటు మనమూ నడవాలి కదా.

విమానం స్టీరింగుని యోక్ అంటారని పెట్టె మీద రాసుంది. మీ మామయ్య వెంటనే డిక్షనరీ తీసి, యోక్ అంటే ఎడ్ల మెడ మీద వేసే కాడి అని చదివి, నా మెడకి ఒకటి పెళ్ళినాడే వేశావు కదా రెండోది దేనికన్నాడు. నా బస్సులో కండక్టరుగా ఎక్కి నా ఇంట్లో దిగిన మనిషి, ఇంకేమంటాడు? భోజనాల బల్లకి బిగిస్తుంటే మాత్రం మరలు తనే తిప్పాడు. ఇప్పుడు మా ఇద్దరి కంచాలూ వంటింటి గట్టు మీదికి మారాయి.

ఇక అసలు సంగతి. రన్‌వే మీద నిలబెట్టి, నువ్వు చెప్పినట్టే ఇంజను జోరు పెంచే థ్రాటిల్ ముందుకు నెట్టి, వేగం అందుకున్నాక యోక్ నావైపు లాగాను. రోడ్డు కిందికి పోయింది. పిట్టా, అన్నేళ్ళలో ఒక్కనాడు కూడా రోడ్డు నన్ను వదిలిపెట్టలేదు. అది తెరమీది బొమ్మేనని తెలుసు, పక్కనే ఉప్పుడబ్బా కనిపిస్తూనే ఉంది. అయినా ఒళ్ళు ఝల్లుమంది.

ఆ తర్వాతే తిప్పలు. విమానం తాగినవాడిలా ఒక పక్కకే వాలిపోతోంది. కాలిబ్రేషన్ చేయమంటే కంప్యూటరు చెప్పినట్టే చేశాను. సెన్సిటివిటీ తగ్గించాను, పెంచాను. ఏం చేసినా అదే వరస. దీని సంగతేమిటో రాయి. చలికాలంలో మేమొచ్చినప్పుడు నీ పక్క సీట్లో కూర్చోబెట్టి నిజం యోక్ నా చేతికిస్తానని మాటిచ్చావు. నాకు అంతకంటే పెద్ద కోరిక ఇంకేదీ లేదు. కానీ తెలియని బండి స్టీరింగు పట్టుకునే అలవాటు నాకు లేదు. ముందు ఇక్కడ నేర్చుకునే వస్తాను.

ఆశీస్సులతో,
అత్త

*

విమానాల షెడ్డు పక్క గది,
వాన వల్ల పాఠాలు లేని రోజు.

అత్తా,

నీ ఉత్తరం క్లాసులో చదివి వినిపించాను. "రోడ్డు నన్ను వదిలిపెట్టలేదు" అన్న చోట మా శిష్యులందరూ మళ్ళీ చదవమన్నారు. వాళ్ళకి మొదటిరోజు వాంతులు తప్ప ఇంకేం గుర్తులేవు.

కాలిబ్రేషన్ బ్రహ్మవిద్యేం కాదు. దర్జీ మన కొలతలు తీసుకున్నట్టు, కంప్యూటరు యోక్ కొలతలు తీసుకుంటుంది. పూర్తిగా ఎడమకి తిప్పితే ఎంత, కుడికి ఎంత, ముందుకు నెడితే ఎంత, వెనక్కి లాగితే ఎంత. ఇవన్నీ అయ్యాక మధ్య ఎక్కడుందో చూపించమంటుంది. నాకు అక్కడే అనుమానం. అది అడిగినప్పుడు నీ చేతులు ఎక్కడున్నాయి? యోక్ మీద ఉంటే తప్పు. పూర్తిగా వదిలెయ్యాలి. లోపలి స్ప్రింగు దాన్ని ఎక్కడ నిలబెడితే అదే మధ్య. మనం ఎక్కడ పట్టుకుంటే అది కాదు.

సెన్సిటివిటీ అంటే, నువ్వు యోక్ రవ్వంత కదిపితే విమానం ఎంత కదలాలన్న లెక్క. డెడ్‌జోన్ అని ఇంకోటి కనిపిస్తుంది. అది నీకు బాగా తెలిసిందే. బస్సు స్టీరింగులో ప్లే ఉంటుంది, కాస్త ఇటూ అటూ ఆడించినా టైర్లు కదలవు అని చిన్నప్పుడు నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూపించావు. డెడ్‌జోన్ అంటే మనం కావాలని పెట్టుకునే ప్లే. ఇప్పుడు దాని జోలికి పోకు. ప్లే ఎక్కువైన బండి ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా?

మళ్ళీ కాలిబ్రేషన్ చేశాక ఒక పని చెయ్యి. పైకెళ్ళి, విమానం ముక్కు పైకీ కిందికీ పోకుండా ట్రిమ్ సరిచెయ్యి, అదే, థ్రాటిల్ పక్కన ఉన్న చిన్న చక్రం. అది కుదిరాక యోక్ వదిలేసి ఏమవుతుందో చూడు. ఏమవుతుందో నేను చెప్పను.

ఒక్క ఫిర్యాదు. నీ గుండ్రటి అక్షరాలు ఏమైపోయాయి? నీ ఉత్తరం అంటే సగం సంబరం ఆ చేతిరాతే. ప్రింటు కాయితం చూస్తే కరెంటు ఆఫీసు నోటీసు అనుకున్నాను.

నీ పిట్ట

*

మేడమీది గది,
వాన వెలిసిన మధ్యాహ్నం.

పిట్టా,

దొంగ దొరికింది. దొంగని నేనే.

రోడ్డు నడుమ ఎత్తుగా, అంచులు పల్లంగా వేస్తారు, వాననీళ్ళు నిలవకుండా. అందుకని బండి ఎప్పుడూ అంచుకి జారాలని చూస్తుంది. జారకుండా స్టీరింగుని రవ్వంత రోడ్డు మధ్యవైపు పట్టి ఉంచాలి. ఇది డ్రైవర్లెవరూ తెలిసి చేయరు, చేతులే చేసేస్తాయి. కంప్యూటరు మధ్య చూపించమన్నప్పుడు నేను రెండు చేతులతో యోక్ బిగించి పట్టుకుని కూర్చున్నాను. మౌసు మీ మామయ్య దగ్గరుంది. ఆయన "రైట్, రైట్" అని నొక్కేశాడు. నేను పట్టుకున్న ఆ వంకరే తిన్నన అనుకుంది పాపం ఆ యంత్రం. గాల్లో రోడ్డూ లేదు, వాలూ లేదు. లేని రోడ్డు మీద నేను బండి కాస్తున్నాను.

రెండోసారి చేసేటప్పుడు చేతులు తీయడానికి ఎంత కష్టమైందో చెబితే నవ్వుతావు. స్టీరింగు వదలడం నా జన్మలో చేయని పని. మీ మామయ్య నా మణికట్లు పట్టుకుని పక్కకి తీశాడు.

తర్వాత పైకెళ్ళాను. చిన్న చక్రం అటూ ఇటూ తిప్పి ముక్కు నిలబెట్టాను. ఊపిరి బిగబట్టి యోక్ వదిలాను.

ఏమీ కాలేదు. అదే కదా నువ్వు చెప్పనన్నది? బస్సయితే అంతసేపు చేతులు వదిలితే కాలవలో ఉండేది. ఇది కింద ఏ ఆధారమూ లేని చోట, ఎవరూ పట్టుకోకుండా, తన దారిన తాను పోతోంది. ఒక రెక్క కాస్త దిగింది, అయ్యో అనుకునేలోపు తనే పైకి లేచింది. నేను కూర్చున్న సీటు ఖాళీగా ఉన్నా అది ఎగురుతుంది. ఇన్నాళ్ళూ పైలట్లు విమానాన్ని ఎత్తి పట్టుకుంటారని అనుకున్నాను. అది ఎగరడానికే పుట్టింది, మనం ఊరికే దారి చెబుతామని నాకెవరూ చెప్పలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాను. మీ మామయ్య కూడా వెనక నిలబడి ఒక్క ముక్క మాట్లాడలేదు. పెళ్ళయ్యాక అలాంటిది నాకు గుర్తులేదు.

ఒక చిన్న తేడా మాత్రం ఉంది. వదిలితే బాగానే ఉంది గానీ, పట్టుకుంటే ముక్కు ఊరికే ఊగుతోంది. యోక్ తయారీలోనే ఏదో లోపం ఉండి ఉంటుంది. నువ్వు వద్దన్నా డెడ్‌జోన్ కాస్త పెట్టాను.

ఆశీస్సులతో,
అత్త

*

షెడ్డు పక్క గది.

అత్తా,

తొందరలో రాస్తున్నాను, శిష్యుడు రన్‌వే దగ్గర ఎదురుచూస్తున్నాడు. వదిలితే నిలకడగా ఉండి, పట్టుకుంటే ఊగడం వింతగా ఉంది. లోపలి సెన్సారులో, అంటే కదలికని కొలిచే ముక్కలో, దుమ్ము చేరినా అలా అవుతుంది. సెట్టింగుల్లో యోక్ కదలికని గుండె పరీక్షలోలా గీసి చూపించే గీత ఉంటుంది కదా, దానివి రెండు ఫోటోలు పంపు. ఒకటి చేతులు తీసేసి, ఇంకోటి మధ్యలో కదపకుండా పట్టుకుని. లోపం యోక్‌దైతే మార్పించేస్తాను. డెడ్‌జోన్ మాత్రం ఇంక పెంచొద్దు. ఎంత పెట్టావు?

చేతిరాత సంగతి అడిగితే దాటేశావు. నేను మర్చిపోలేదు.

పిట్ట

*

మేడమీది గది,
చలిగాలి మొదలైంది.

పిట్టా,

నువ్వడిగిన ఫోటోలు పెడుతున్నాను, మీ మామయ్య తీశాడు. మార్పించే శ్రమ ఎందుకులే. డెడ్‌జోన్ సగానికి పెంచాక ఊగడం ఆగింది. ఏ మాటకామాటే చెప్పాలి, ఇప్పుడు విమానం నా మాట వినడం కూడా ఆగింది. సగం తిప్పేదాకా ఉలకదు పలకదు, ఆ తర్వాత ఒక్కసారిగా పక్కకి పడుతుంది. డిపోలో ఇలాంటి బండి ఒకటుండేది, దాన్ని గున్న ఏనుగు అనేవాళ్ళం. ఏనుగుని దింపబోయి నాలుగుసార్లు రన్‌వే పక్క గడ్డిలో పడేశాను.

మేం రావడం గురించి. మీ మామయ్యకి మోకాళ్ళ నొప్పులు, అంతదూరం ప్రయాణమంటే కష్టం. పైగా చలి. ఈ ఏటికి వద్దులే. వచ్చినా నేను వెనక సీట్లో కూర్చుని కిటికీలోంచి చూస్తాను, అది చాలు. ముందు సీట్లో ఆయన్ని కూర్చోబెట్టు. నువ్వు ఏమీ అనుకోకు.

అత్త

(ఈ కింది నాలుగు ముక్కలూ మీ మామయ్యని, పెన్నుతో రాస్తున్నాను. మీ అత్త కాయితం మడిచి నాకిచ్చి వంటింట్లోకి వెళ్ళింది. నా మోకాళ్ళకేం తల్లీ, మేడ మెట్లు రోజుకి పదిసార్లు ఎక్కుతున్నాను. రెండో ఫోటో సరిగ్గా చూడు.)

*

షెడ్డు పక్క గది,
ఆదివారం.

అత్తా,

ఫోటోలు చూశాను. మొదటిదాంట్లో గీత బల్లపరుపుగా ఉంది. కాబట్టి యోక్‌లో ఏ లోపమూ లేదు.

రెండోదాన్ని చాలాసేపు చూశాను. సెన్సారు చెడితే గీత ఇష్టమొచ్చినట్టు దూకుతుంది, ఒకచోట పెద్ద దూకుడు, తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. నీ గీత రంపం పళ్ళలా ఉంది, ఒక్కో పన్నూ పక్కదానంతే. యంత్రాలు ఇంత పద్ధతిగా చెడిపోవు. అది చేయి, అత్తా. నీ చేయి వణుకుతోంది. అప్పుడు ప్రింటు ఉత్తరాలు ఎందుకో కూడా తెలిసింది.

ఎప్పటినుంచో అడగను. డాక్టరుకి చూపించావో లేదో మాత్రం అడుగుతాను, దానికి జవాబు రాయి. మామయ్య మోకాళ్ళ మీదికి తోసెయ్యకు.

ఇప్పుడు టీచరుగా చెబుతున్నాను. డెడ్‌జోన్‌తో వణుకుని దాచావు, కానీ దాంతో పాటు నీ చేతినీ దాచేశావు. పనివాడి చేతిలో ఉన్న పనితనం కూడా అందులోనే పోయింది. దాన్ని దాదాపు పూర్తిగా తీసెయ్యి. దానికి బదులు, సెన్సిటివిటీకి వేరే గీత ఉంటుంది, దాన్ని వంచు. మధ్యలో మెత్తగా, చివర్లకి వెళ్ళేకొద్దీ గట్టిగా. అప్పుడు చిన్న కదలికలు విమానానికి చిన్నగానే చేరతాయి, పెద్దవి పెద్దగా. ఏ కదలికా పోదు. మోచేయి బల్ల మీద ఆనించు. బిగించకుండా వేళ్ళతో పట్టుకో. మిగతాది ట్రిమ్ చూసుకుంటుంది, చేతులు వదిలితే నడిచే బండి అని నువ్వే కదా కనిపెట్టావు.

ముందు సీటు నీది. లైసెన్సు నాది, రెండో యోక్ నా ముందుంటుంది, నీకు అక్కడ పరీక్షేం లేదు. నువ్వు రావాలి. నిజం యోక్ గురించి నీకొకటి చూపించాలి, అది ఉత్తరంలో రాసేది కాదు.

నీ ఒళ్ళో కూర్చుని ప్లే నేర్చుకున్న
పిట్ట

*

మేడమీది గది,
ఎండ పొడ వచ్చే కిటికీ దగ్గర.

పిట్టా,

ఇదిగో చేతిరాత, అడిగావు కదా. కోడి కెలికినట్టుంటే నన్ననకు.

డాక్టరుకి చూపించాను. పెద్ద జబ్బేం కాదట, వట్టి వణుకేనట. చేయి ఊరికే ఒళ్ళో పెట్టుకుంటే రాదు. ఏదైనా పట్టుకుంటేనే వస్తుంది. గ్లాసు, పెన్ను, స్టీరింగు. మందు వేసుకుంటే కొంచెం నయం. పూర్తిగా పోదన్నారు.

రిటైరవ్వడానికి ఇంకా టైముండగానే నేను ఉద్యోగం మానేసినప్పుడు అందరికీ మోకాళ్ళని చెప్పాను. మోకాళ్ళంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు. ఒకరోజు స్టాండులో బండి ఆపుకుని కూర్చున్నాను. అద్దంలో చూస్తే అందరూ ఎక్కి కూర్చున్నారు, ఒకామె చంకలో పిల్ల నిద్రపోతోంది. నా చేయి చక్రం మీద ఆడుతోంది. అంతమందిని ఆ చేతిలో పెట్టుకుని కదలబుద్ధి కాలేదు. తాళాలు డిపోలో ఇచ్చేసి ఇంటికొచ్చాను. తప్పు చేశానని అనుకోను. కానీ ఆరోజు నుంచి ఈ చేతులంటే నాకు కోపం.

నాకు భయం దేనికో తెలుసా? పడిపోతామని కాదు, నువ్వున్నావు. నీ విమానం నా చేతిలో వణికితే నువ్వు పక్క నుంచి చూస్తావు. మా అత్త చేతిలో బస్సు నీళ్ళగ్లాసు తొణకకుండా పోయేదని నువ్వు అందరికీ చెప్పుకుంటావు. ఆ మాట పోతుందని.

సెన్సిటివిటీ గీత నువ్వు చెప్పినట్టే వంచాను. డెడ్‌జోన్ పిసరంత ఉంచాను. నిన్న పొద్దున మీ ఊరి రన్‌వే ఆ బొమ్మ ప్రపంచంలో వెతికి పట్టుకుని, మోచేయి ఆనించి, వేళ్ళతో దింపాను. కాస్త ఎగిరింది గానీ, నడుమ గీత మీదే ఆగింది. మీ మామయ్య చెంచాతో గ్లాసు మీద గంట కొట్టి ఆఖరి స్టాపు అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

వస్తాం. ముందు సీటు మాట అక్కడికొచ్చాక చూద్దాం.

నీ అత్త

*

షెడ్డు పక్క గది.

అత్తా,

చూద్దాం గీద్దాం ఏమీ లేదు. సీటుకి రుమాలు కట్టేసి ఉంచాను. చెవులకి ఉన్ని టోపీ తెచ్చుకో. విమానంలో కొట్టడానికి గంట ఉండదని మామయ్యకి ముందే చెప్పు.

పిట్ట

*

మేడమీది గది,
తిరిగొచ్చిన మర్నాడు.

పిట్టా,

నువ్వు పక్కనే ఉన్నావు, నీకు తెలియనిదేముంది? అయినా నా వైపు నుంచి ఎలా ఉందో రాయాలి. ఇంటికొచ్చే దారంతా మీ మామయ్య అడుగుతూనే ఉన్నాడు, నేను తలూపుతూనే ఉన్నాను.

ముందు నీ గొంతు గురించి రాస్తాను. ఆ హెడ్‌సెట్ చెవులకి తగిలించగానే నీ మాట మొత్తం వినిపించింది. సగం కాదు, మొత్తం. ఎన్నేళ్ళయిందో. నీ గొంతు ఇప్పుడు మా అన్నయ్య గొంతులా ఉంటుందని నాకు తెలియనే తెలియదు.

పైకి లేచాక కిందికి చూశాను. ఊళ్ళోకి పోయే రోడ్డు కనిపించింది, దాని మీద ఒక బస్సు. అగ్గిపెట్టెంత లేదు. అందులో ఒక డ్రైవరుంటాడు, ముందు అద్దంలో రోడ్డు తప్ప ఇంకేం చూడడు. నేను అన్నేళ్ళు ఆ అగ్గిపెట్టెలో ఉండి లోకమంతా చూశాననుకున్నాను. లోకం ఇంత ఉందా పిట్టా? ఎటు తిరిగితే అటే ఉంది. దానికి అంచు కట్టలేదు ఎవరూ. వెనక సీట్లో మీ మామయ్య మెల్లగా "రైట్, రైట్" అనుకోవడం కూడా హెడ్‌సెట్‌లో వినిపించింది. గుండె అదుపు చేసుకోవడానికి అన్నాడట, తర్వాత చెప్పాడు.

అప్పుడు నువ్వు నీ యోక్ మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నావు. "ఇంక నీదే, అత్తా" అన్నావు.

పట్టుకోక తప్పలేదు. వేళ్ళతో పట్టుకున్నాను. అది వణుకుతోంది. ముందు నా చేయే అనుకుని చచ్చినంత పనయింది. పట్టు బిగించాను, వణుకు ఆగలేదు. నెమ్మదిగా వదిలేశాను, నా చేయి ఒళ్ళోకి వచ్చేసింది. అది మాత్రం అలాగే వణుకుతూ ఉంది. ఎవరూ పట్టుకోకుండానే. ఇంజను వణుకు, గాలి వణుకు, రెక్కల మీదుగా వచ్చి ఆ చక్రంలో చేరుతోంది. ఇంట్లో బల్లకి బిగించిన దానిలో అది లేదు, అది రాయిలా ఉంటుంది. అందుకే దాని మీద నా చేయి ఒక్కటే దోషిలా కనిపించింది.

మళ్ళీ పట్టుకున్నాను. ఈసారి ఏది దానిదో ఏది నాదో నాకే తెలియలేదు. రెండూ కలిసిపోయాయి. ఇదెప్పుడూ ఇలాగే ఉంటుందా అని అడిగాను. నువ్వు ఇటు తిరక్కుండా, ముందుకే చూస్తూ చెప్పావు: "గాల్లో ఉన్నంతసేపూ ఇంతే. అది ఆగితేనే మేం భయపడతాం."

ఆ తర్వాత ఎంతసేపు నడిపానో గుర్తులేదు. ఎడమకి తిప్పమన్నావు, తిప్పాను. ఏటి వెంట పొమ్మన్నావు, పోయాను. నేను చెప్పిన చోటికల్లా ఆ మహా బండి వచ్చింది. నీళ్ళగ్లాసు పెట్టి ఉంటే తొణికేదో లేదో నాకు తెలియదు. దాని సంగతి ఆ క్షణంలో నాకు గుర్తే రాలేదు.

పొద్దున లేవగానే ఇక్కడ డెడ్‌జోన్ సున్నా చేశాను. ముక్కు ఊగుతోంది. ఊగనీ. మీ మామయ్య వెనక కుర్చీ వేసుకుని టిక్కెట్లు అడుగుతున్నాడు. చేతులంటే కోపం పూర్తిగా పోయిందని చెప్పను గానీ, నిన్నటినుంచి వాటిని ఏమీ అనడం లేదు.

ఇకమీదట ఉత్తరాలు చేత్తోనే రాస్తాను. అక్షరాలు అటూ ఇటూ పోయి చదవడం కష్టమైతే, గాల్లో ఉండి రాసిందనుకో.

నీ అత్త